మహిళల వార్త దిద్దడం ఎలా

రాత్రి తొమ్మిదిన్నర. పదింటికి పత్రిక పేజీ అచ్చుకు వదలాలి. మీ ముందున్న కాపీలో, అంటే దిద్దాల్సిన వార్తలో, సగం వివరాలు లేవు. ఊరి నుంచి వార్త పంపిన కంట్రిబ్యూటర్ ఫోన్ కలవదు. పోలీస్ స్టేషన్‌కి చేస్తే ‘పొద్దున చెప్తాం సార్’ అంటారు (డెస్కు నుంచి ఫోనంటే చాలు, నా గొంతు విన్నాక కూడా ‘సార్’ అనేవాళ్ళు). అలాంటప్పుడు వేళ్ళు వాటంతటవే అలవాటైన మాటలు కొట్టేస్తాయి. ‘వివాహిత’, ‘ప్రేమోన్మాది’, ‘వాపోయింది’, ‘అఘాయిత్యం’. ఎవరి మీదో కక్ష పెట్టుకుని రాసేవి కావివి. మనకు ముందు డెస్కులో కూర్చున్నవాళ్ళు రాశారు, వాళ్ళ పేజీలు చూసి మనం నేర్చుకున్నాం, మన దగ్గరికొచ్చిన ట్రైనీలకు అవే అంటించాం.

పద్నాలుగేళ్ళు ఒక పత్రిక జిల్లా డెస్కులో సబ్‌గా (సబ్ ఎడిటర్‌గా) పనిచేశాను. ఇక్కడ చెప్పేవాటిలో చాలావరకు నేను చేసి, ఆలస్యంగా దిద్దుకున్న తప్పులే. మీది పత్రికైనా, టీవీ అయినా, ఊళ్ళో మీరే నడిపే యూట్యూబ్ ఛానలైనా సరే, వార్త రాసే పని ఉంటే ఇవి పనికొస్తాయి. మొదట్లో ఒక్కో కాపీకి అయిదారు నిమిషాలు అదనంగా పడుతుంది. చెయ్యి తిరిగాక రెండు చాలు.

1. ముందు క్రియలు చూడండి

హెడ్డింగ్ జోలికి ఇప్పుడే వెళ్ళొద్దు. కాపీ తెరిచి, వాక్యాల చివరలు మాత్రం చదువుకుంటూ రండి. యూనికోడ్‌లో ఉన్న కాపీ అయితే వెతికే పెట్టెలో ‘ింది’ అని కొట్టండి. రంగు పడిన ప్రతిచోటా కర్త ఎవరో చూడండి. వర్షమో, ప్రభుత్వమో అయితే వదిలేయండి. ఆడమనిషి అయితే ఆగండి.

ఇలాంటి కాపీ మీ చేతిమీదుగా ఎన్నో వెళ్ళుంటాయి:

‘మూడు నెలలుగా పింఛన్ అందడం లేదని సుబ్బయ్య ఆవేదన వ్యక్తం చేశారు. అదే కాలనీకి చెందిన వెంకమ్మ తనకూ రావడం లేదని వాపోయింది.’

ఇద్దరిదీ ఒకే కాలనీ, ఒకే పింఛను, ఒకే కష్టం. ఆయనేమో ‘వ్యక్తం చేశారు’, ఆమేమో ‘వాపోయింది’. రాసినవాళ్ళను అడగండి, తేడా ఉందని కూడా వాళ్ళు గమనించి ఉండరు.

మన భాషలో ఇక్కడో చిక్కుంది. రాముడు వచ్చాడు, సీత వచ్చింది, బస్సు వచ్చింది. ఏకవచనంలో ఆడమనిషికీ బస్సుకీ ఒకే క్రియ. బహువచనంలోకి వస్తే మాత్రం ఆడవాళ్ళు మనుషుల్లో కలుస్తారు: వాళ్ళు ‘వచ్చారు’, బస్సులు ‘వచ్చాయి’. అంటే గౌరవ బహువచనం తీసేస్తే మగాయన ‘వచ్చాడు’ దగ్గర ఆగుతాడు, ఆమె బస్సు దాకా దిగిపోతుంది. ఇంట్లో, వీధిలో మాట్లాడుకునేటప్పుడు ‘అక్క వచ్చింది’ అంటే అందులో చిన్నచూపు ఏమీ లేదు, చనువుంది. అచ్చులో పక్క వాక్యంలోనే ఆయన ‘చేశారు’ అయ్యేసరికి ఆ చనువు కాస్తా చులకనగా మారుతుంది.

కాబట్టి నియమం ఒక్కటే పెట్టుకోండి. పెద్దవాళ్ళందరికీ క్రియ చివర ‘ఆరు’ (వచ్చారు, చెప్పారు). కలెక్టర్‌కీ కూలీకీ, హీరోకీ హీరోయిన్‌కీ. నిందితుల విషయంలో మీ సంస్థకు వేరే పద్ధతి ఉంటే ఉండనివ్వండి, అది మగ నిందితుడికీ ఆడ నిందితురాలికీ ఒకేలా ఉందో లేదో చూసుకోండి. సినిమా పేజీ వాళ్ళు ఈ ఒక్క అడుగు వేస్తే చాలు, సగం పని అయిపోతుంది. ఒకే ప్రెస్‌మీట్, ఒకే వేదిక, ఒకే మైకు. హీరో ‘చెప్పారు’, హీరోయిన్ ‘చెప్పుకొచ్చింది’. ఆమె ఎక్కడ్నుంచి చెప్పుకొచ్చిందో మరి.

తర్వాత ఆ క్రియల అర్థం చూడండి. ఆడవాళ్ళకు మనం అట్టిపెట్టిన కొన్ని మాటలున్నాయి: వాపోయింది, గోడు వెళ్ళబోసుకుంది, కన్నీటిపర్యంతమైంది, బోరున విలపించింది. మగవాళ్ళకు వేరే ఉన్నాయి: ధ్వజమెత్తారు, డిమాండ్ చేశారు, హెచ్చరించారు. నిజంగా ఏడ్చి ఉంటే ఏడ్చారనే రాయండి, దాన్ని దాచమనడం లేదు. కానీ తహసీల్దార్‌ను నిలదీసిన మనిషిని ఏడిపించకండి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు, ఆ తర్వాత ఊళ్ళకు ఊళ్ళు లేచి వేలంపాటలు అడ్డుకున్నాయి, 1993 అక్టోబర్‌లో సారా నిషేధం వచ్చింది. ఆ ఉద్యమం గురించి ‘మహిళలు వాపోయారు’ అని రాసుంటే ఎలా ఉండేదో ఊహించుకోండి.

2. ఆమె ఎవరు?

ఇది చాలా చిన్న పరీక్ష. కాపీలో ఆడమనిషిని పరిచయం చేసిన మాటను తీసి, మగవాడికి పెట్టి చదవండి. నవ్వొస్తే మార్చండి.

‘వివాహిత అదృశ్యం’ అని వారానికి రెండు సింగిల్ కాలమ్‌లు వేస్తాం. ‘వివాహితుడు అదృశ్యం’ అని ఎప్పుడైనా వేశామా? మగవాడు తప్పిపోతే అతను ప్రైవేట్ ఉద్యోగి, తాపీ మేస్త్రి, రిటైర్డ్ టీచర్. ఆమె కూడా ఏదో ఒకటి చేస్తూనే ఉంటుంది. బట్టల షాపులో సేల్స్‌గర్ల్ అయ్యుండొచ్చు, పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ మెప్మాలో రిసోర్స్ పర్సన్ అయ్యుండొచ్చు. ఎఫ్ఐఆర్‌లో రాయకపోతే కంట్రిబ్యూటర్‌ను అడగండి, దొరక్కపోతే ‘మహిళ’ అని వేయండి. ‘ఇద్దరు పిల్లల తల్లి’ అన్నది వార్తకు అవసరమైతేనే ఉంచండి. పిల్లలు కూడా తప్పిపోయారా, పిల్లలు ఇంట్లో ఒంటరిగా ఉన్నారా? అలాంటిదేమీ లేకపోతే ఆ మాట పని ఒక్కటే: ‘తల్లయ్యుండి ఏమిటిది’ అని పాఠకుడి చేత అనిపించడం.

‘మహిళా’ అన్న విశేషణం గురించి అందరూ చెప్పేదే కాబట్టి త్వరగా వెళ్ళిపోతాను. ‘మహిళా ఎస్సై’ అక్కర్లేదు, ఎస్సై చాలు, పేరు చూస్తే తెలుస్తుంది. కానీ కళ్ళు మూసుకుని అన్నిచోట్లా కొట్టేయకండి. ‘రైతు’ అని రాస్తే తెలుగు పాఠకుడికి తలపాగా కట్టిన మగవాడే కనిపిస్తాడు. కలుపు తీసేదీ, నాట్లు వేసేదీ, పత్తి ఏరేదీ ఎవరో ఊళ్ళో అందరికీ తెలుసు, పాస్‌బుక్ మాత్రం వేరే పేరు మీద ఉంటుంది. అలాంటిచోట ‘మహిళా రైతు’ అని కావాలనే రాయాలి. భర్త పోయాక అయిదెకరాలు తనే చేస్తున్న మనిషిని ‘రైతు భార్య’ అని రాస్తే ఆమె పనినంతా ఒక్క మాటతో తీసి పక్కన పెట్టినట్టు.

3. ‘అని’ ఎవరి మాట?

నా లెక్కలో తెలుగు క్రైమ్ వార్తల్లో అన్నిటికంటే ప్రమాదకరమైన మాట రెండక్షరాలది: ‘అని’.

‘ప్రేమ నిరాకరించిందని యువతిపై ప్రేమోన్మాది కత్తితో దాడి’.

ఈ హెడ్డింగ్‌ను విడదీసి చూడండి. దాడికి కారణం ఎవరు చెప్పారు? దాడి చేసినవాడు, స్టేషన్‌లో. అతని మాటను మనం ‘నిరాకరించిందని’ అంటూ మన గొంతుతో చెప్పాం. పైగా వాక్యంలో మొదట జరిగిన పని ఆమెది: నిరాకరించింది. అతను చేసింది దానికి జవాబులా వెనకాల వచ్చింది. ఇక ‘ప్రేమోన్మాది’. ఏడాది పాటు బస్టాపులో కాపు కాసి, ఫోన్లు చేసి బెదిరించి, చివరికి కత్తి తెచ్చినవాడి బిరుదులో ‘ప్రేమ’ ఎందుకుంది? దానికి చట్టంలో మాటలున్నాయి. వెంటపడటం భారతీయ న్యాయ సంహిత (ఐపీసీ స్థానంలో వచ్చిన కొత్త శిక్షాస్మృతి) 78వ సెక్షన్ కింద నేరం, హత్యాయత్నం 109.

ఇలా మార్చొచ్చు: ‘యువతిపై కత్తితో దాడి: ఏడాదిగా వెంటపడి వేధిస్తున్న యువకుడి అరెస్టు’. అక్షరాలు ఆరు పెరిగాయి. డబుల్ కాలమ్‌లో పడుతుంది, నేను వేసి చూశాను. కారణం గురించి రాయాల్సిందే అయితే లోపల పేరాలో, ‘పోలీసుల కథనం ప్రకారం నిందితుడు చెప్పింది’ అని ఎవరి మాటో తేల్చి రాయండి. అంతకుముందు ఆమె ఫిర్యాదు చేశారా, చేస్తే ఏం చేశారు అన్నది అడగండి. అసలు వార్త చాలాసార్లు అక్కడ ఉంటుంది.

‘భార్యపై అనుమానంతో’ కూడా ఈ కుటుంబానికి చెందిందే. అనుమానం హంతకుడిది, మచ్చ పోయిన మనిషికి. ‘అక్రమ సంబంధం’ సంగతి ఇంకా విచిత్రం. పెళ్ళి బయటి సంబంధాన్ని నేరంగా చూసిన ఐపీసీ 497ను సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్‌లో కొట్టేసింది. అది ఉన్న రోజుల్లో కూడా ఆ సెక్షన్ కింద ఆడమనిషికి శిక్ష లేదు. చట్టం వదిలేసినా మన హెడ్డింగుల్లో ఇంకా ‘అక్రమ’మే. కొన్ని పత్రికలు ‘వివాహేతర సంబంధం’ అంటున్నాయి, అది నయం. అసలు ఆ ప్రస్తావన కేసుకు అవసరమా అని అడగడం ఇంకా నయం.

‘ఈవ్ టీజింగ్’ను కూడా ఇక్కడే వదిలేయండి. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు జడ్జిల కోసం, లాయర్ల కోసం ఒక చేతిపుస్తకం విడుదల చేసింది, తీర్పుల్లో వాడకూడని మాటలేవో, వాటి బదులు ఏం రాయాలో. ఈవ్ టీజింగ్ బదులు వీధిలో లైంగిక వేధింపు అనమంది. ‘శీలవతి’ లాంటి మాట బదులు స్త్రీ అంటే చాలంది. కోర్టుకు అక్కర్లేని శీలం జిల్లా పేజీకి ఎందుకు? ‘శీలం దోచాడు’, ‘బతుకు బుగ్గిపాలు చేశాడు’, ‘మానభంగం’. ఇవేవీ వద్దు. అత్యాచారం చేశాడన్నది ఆరోపణ అని రాయండి. బతుకు బుగ్గిపాలైందో లేదో ఆ అమ్మాయి చెప్పాలి, మీరూ నేనూ కాదు.

4. పెళ్ళయిన అమ్మాయి చనిపోయిన వార్త

ఇక్కడ కాస్త ఆగుతాను. హడావుడిగా దిద్దకూడని వార్త ఏదైనా ఉంటే ఇదే.

‘కడుపునొప్పి తాళలేక వివాహిత ఆత్మహత్య’. ఈ హెడ్డింగ్ నేను ఎన్నిసార్లు వేశానో లెక్కలేదు. స్టేషన్ నుంచి వచ్చే నాలుగు ముక్కల్లో ఆ కారణమే ఉంటుంది, కంట్రిబ్యూటర్ దాన్నే పంపిస్తారు, అరవై మాటల్లో సింగిల్ కాలమ్ అయిపోతుంది. ఒకసారి అలాంటి వార్త పడిన మూడో రోజున ఒక పెద్దాయన ఆఫీసుకొచ్చారు. మడత పెట్టిన పేపర్ జేబులోంచి తీసి నా బల్లమీద పెట్టి, ఆ కాలమ్ మీద వేలు పెట్టారు. ‘‘అమ్మా, మా పిల్లకి ఎప్పుడూ కడుపునొప్పి లేదు. ఈ మాట మీకెవరు చెప్పారు?’’ అన్నారు. గట్టిగా కూడా అనలేదు. కారణం చెప్పింది అత్తింటివాళ్ళు. వాళ్ళు చెప్పింది స్టేషన్‌లో రాసుకున్నారు. స్టేషన్‌లో రాసుకున్నది నేను అచ్చేశాను. నా దగ్గర ఆయనకు చెప్పడానికి ఏమీ లేదు, నీళ్ళు తాగుతారా అని అడిగాను.

ఆ రోజు నుంచి నేను పాటించిన వరస ఇది.

మొదట పెళ్ళెప్పుడయిందో అడగండి. పెళ్ళయి ఏడేళ్ళలోపు ఆత్మహత్య చేసుకున్న, లేదా అనుమానాస్పదంగా చనిపోయిన ఆడవాళ్ళ విషయంలో చట్టం వేరేగా నడుస్తుంది. మామూలు పోలీసు పంచనామాతో సరిపోదు, ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ విచారణ ఉంటుంది. మన దగ్గర సాధారణంగా ఆ పని తహసీల్దార్‌ది. అంటే మీరు ఫోన్ చేయాల్సిన ఆఫీసు ఇంకొకటుంది.

రెండోది, సెక్షన్లు. కొత్త చట్టాలు 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్నాయి. వరకట్న మరణం ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 80 (పాత 304బి), భర్త, అత్తింటివాళ్ళ క్రూరత్వం 85 (పాత 498ఏ). ఎఫ్ఐఆర్‌లో వీటిలో ఏదైనా ఉంటే కడుపునొప్పి అన్న మాట కాపీలో ఉండటానికి వీల్లేదు. ఏ సెక్షన్ లేకుండా అనుమానాస్పద మృతిగా నమోదైతే ఆ సంగతే రాయండి.

మూడోది పుట్టింటివాళ్ళు. అత్తింటివాళ్ళు చెప్పిన కారణం వేస్తే పుట్టింటివాళ్ళ మాట కూడా ఉండాలి. రాత్రి దొరక్కపోతే కారణం లేకుండా వార్త వేయండి. ‘కారణాలు తెలియాల్సి ఉంది’ అన్న వాక్యం వేసినందుకు ఏ పత్రికా మూతపడలేదు.

ఎలా చనిపోయారన్న వివరం హెడ్డింగ్‌లోకి రానివ్వొద్దు, లోపల కూడా పద్ధతి వర్ణించొద్దు. చివర రెండు నంబర్లు వేయండి: మహిళల హెల్ప్‌లైన్ 181, మానసిక సహాయానికి టెలీ మానస్ 14416. ఒక లైన్ పడుతుంది. ఆ లైన్ కోసం పేజీలో చోటు లేదన్న ఇన్‌చార్జికి పక్కనున్న ముగ్గుల పోటీ ఫొటో చూపించండి.

5. గుర్తు దొరక్కుండా రాయడం

అత్యాచార బాధితురాలి పేరు వేయకూడదని అందరికీ తెలుసు. అది ఎంతదాకా వెళ్తుందో చాలామందికి తెలియదు. భారతీయ న్యాయ సంహిత 72 (పాత 228ఏ) ప్రకారం పేరే కాదు, ఆమె ఎవరో బయటపెట్టే ఏ విషయమైనా అచ్చేస్తే రెండేళ్ళ దాకా జైలు, జరిమానా. 2018 డిసెంబర్‌లో నిపుణ్ సక్సేనా కేసులో సుప్రీంకోర్టు దీన్ని ఇంకా తేటగా చెప్పింది: పరోక్షంగా గుర్తుపట్టే వివరాలు కూడా కుదరవు, చనిపోయినా సరే కుదరదు, ఇంట్లోవాళ్ళు ‘వేసుకోండి’ అన్నా అది చాలదు. పిల్లలైతే, వాళ్ళపై లైంగిక నేరాల కోసం ఉన్న పోక్సో చట్టం 23వ సెక్షన్. పేరు, చిరునామా, ఫొటో, కుటుంబ వివరాలు, బడి, ఇరుగుపొరుగు, ఏవీ రాకూడదు. ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు పడొచ్చు.

ఇప్పుడు ఈ వాక్యం చూడండి: ‘మండల కేంద్రంలోని బాలికల ఉన్నత పాఠశాలలో తొమ్మిదో తరగతి చదువుతున్న బాలిక, తండ్రి లారీ డ్రైవర్, తల్లి అదే బడిలో మధ్యాహ్న భోజనం వండుతారు.’ పేరు లేదు. ఆ మండలంలో ఆ పిల్ల ఎవరో తెలియనివాళ్ళు కూడా లేరు. తరగతి తీసేయండి, బడి తీసేయండి, తల్లిదండ్రుల పని తీసేయండి. ‘జిల్లాలోని ఒక మండలం’ చాలు. నిందితుడు తండ్రో బాబాయో అయితే అతని పేరు వేసినా ఆమె పేరు వేసినట్టే, కాబట్టి అదీ తీసేయాలి. ‘నిందితుణ్ణి కాపాడుతున్నారా’ అని ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. ఓపిగ్గా చెప్పండి.

2019 నవంబర్‌లో హైదరాబాద్ శివార్లలో ఒక పశువైద్యురాలిపై జరిగిన అత్యాచారం, హత్య గుర్తుండే ఉంటాయి. సైబరాబాద్ పోలీసులు ‘దిశ’ అని పిలవమని చెప్పేసరికే ఆ డాక్టర్ అసలు పేరూ ఫొటో ఛానళ్ళ నుంచి వాట్సాప్ స్టేటస్‌ల దాకా పాకిపోయాయి. ఫొటో మొహం మీద మసక వేస్తే సరిపోతుందనుకునేవాళ్ళు ఆ చీర, ఆ గుమ్మం, పక్కన నిలబడ్డ అమ్మమ్మ ఎవరికి తెలియదో ఆలోచించాలి.

6. ఫొటో, థంబ్‌నెయిల్

ఇక్కడ పెద్దగా చెప్పడానికి లేదు. చేతులతో మొహం కప్పుకున్న అమ్మాయి బొమ్మ, గోడ మీద మగవాడి నీడ, ఆ రెండూ మీ కంప్యూటర్లోంచి శాశ్వతంగా తీసేయండి. స్టేషన్ బోర్డో, కోర్టు భవనమో వేయండి, లేదంటే ఫొటో లేకుండా పోనివ్వండి. థంబ్‌నెయిల్ మీద ‘ఎవరో తెలిస్తే షాక్’ అని కొట్టేవాళ్ళకు నా దగ్గర సలహా లేదు.

7. ఫోన్ ఎవరికి చేస్తున్నారు?

ప్రపంచవ్యాప్తంగా అయిదేళ్ళకోసారి ఒకేరోజు వార్తలు లెక్కపెట్టే గ్లోబల్ మీడియా మానిటరింగ్ ప్రాజెక్ట్ అనే ప్రయత్నం ఒకటుంది. వార్తల్లో కనిపించే, వినిపించే మనుషుల్లో ఆడవాళ్ళు 1995లో 17 శాతం. 2020లో 25 శాతం. పాతికేళ్ళకు ఎనిమిది శాతం పాయింట్లు పెరిగింది. దీన్ని పెంచాలంటే సమావేశాలు అక్కర్లేదు, ఫోన్‌బుక్ చాలు.

గ్రామ పంచాయతీ నుంచి మొదలుపెట్టండి. 73వ రాజ్యాంగ సవరణతో 1993 నుంచి పంచాయతీల్లో ఆడవాళ్ళకు కనీసం మూడో వంతు స్థానాలు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండుచోట్లా ఇప్పుడది సగం. మీ దగ్గరున్న సర్పంచ్ నంబర్లలో ఎన్ని నిజంగా ఆమెవో చూడండి. ఫోన్ చేస్తే ఆయన ఎత్తుతారు. ‘చెప్పండి, నేనే మాట్లాడతా’ అంటారు. డ్రైనేజీ గురించి ఆయనే చెప్తారు, కాపీలో ‘సర్పంచ్ తెలిపారు’ అని ఆమె పేరుతో వస్తుంది, ఫొటోలో ఆయన ఉంటారు. ఇలా చేయండి: ‘‘అన్నా, మేడమ్ గారికి ఒక్కసారి ఇవ్వండి, ఆవిడ పేరుతోనే వేయాలి’’ అనండి. మొదటిసారి ఆవిడ ‘మా ఆయన్ని అడగండి’ అంటారు. మూడోసారికి మాట్లాడతారు. ఇవ్వనే ఇవ్వకపోతే ‘సర్పంచ్ భర్త తెలిపారు’ అని ఉన్నదున్నట్టు వేయండి. ఒక్కసారి అలా అచ్చయితే మర్నాడు ఫోన్ ఎవరి చేతిలో ఉంటుందో చూడండి.

బడ్జెట్ రోజు ఇంకో ఆచారం. పన్నుల గురించి ఆడిటర్ మగాయన, పరిశ్రమ గురించి ఛాంబర్ అధ్యక్షుడు మగాయన, గ్యాస్ ధర గురించి ‘గృహిణి’. బడ్జెట్ చదివింది నిర్మలా సీతారామన్ అయినా సరే, మనకు ఆవిడ ముందు ‘తెలుగింటి కోడలు’, తర్వాతే ఆర్థిక మంత్రి, మధ్యలో చీర. చీర అసలు వార్త కాదనను. 2025లో ఆవిడ కట్టుకున్నది మిథిల చిత్రకారిణి దులారీ దేవి బొమ్మలు వేసిన చీర. దులారీ దేవి గురించి నాలుగు వాక్యాలు రాసినచోట అది వార్తే. ‘లుక్ అదిరింది’ అన్నచోట కాదు. మీ పుస్తకంలో మహిళా ఆడిటర్, బ్యాంకు మేనేజర్, ఎకనామిక్స్ లెక్చరర్ నంబర్లు బడ్జెట్‌కు నెల ముందే రాసిపెట్టుకోండి. ఆ రోజు పొద్దున వెతికితే దొరకరు.

మనం అడిగే ప్రశ్నల మీద కూడా, ఆడ, మగ మార్చి చదివే ఆ పరీక్షే పనిచేస్తుంది. 2017 ప్రపంచకప్‌కు ముందు మన హైదరాబాద్ మిథాలీ రాజ్‌ను, మీకు ఇష్టమైన మగ క్రికెటర్ ఎవరని ఒక విలేకరి అడిగారు. ఇదే ప్రశ్న మగ క్రికెటర్‌ను అడుగుతారా అని ఆమె తిరిగి అడిగారు. ఎనిమిదేళ్ళ తర్వాత మన మహిళల జట్టు ప్రపంచకప్ గెలిచింది, ఆ జట్టులో కడప జిల్లా శ్రీచరణి ఉన్నారు. ఆమెతో ఇంటర్వ్యూకు వెళ్ళేవాళ్ళు ఎడమచేతి స్పిన్ గురించి పది ప్రశ్నలు రాసుకుని వెళ్ళండి, వంట గురించి ఒక్కటీ వద్దు.

క్రీడల పేజీలో ఒక వాస్తవం కూడా సరిచూసుకోండి. 2022 అక్టోబర్‌లో బీసీసీఐ సమానం చేసింది మ్యాచ్ ఫీజు: టెస్టుకు 15 లక్షలు, వన్డేకు 6, టీ20కి 3. ఏడాది కాంట్రాక్టులు వేరు. 2024-25లో మగవాళ్ళ పై గ్రేడ్ 7 కోట్లు, ఆడవాళ్ళ పై గ్రేడ్ 50 లక్షలు. ‘సమాన వేతనం’ అన్న హెడ్డింగ్ అప్పుడు అందరం వేశాం. అది తప్పు హెడ్డింగ్.

8. డెస్కును కూడా దిద్దండి

ఎవరు రాస్తున్నారన్నది తేలకుండా ఏం రాస్తున్నారన్నది మారదు. మా డెస్కులో నేను చేరినప్పుడు నాకిచ్చిన మొదటి పని వంటల కాలమ్. నాకు వంట రాదని చెప్పాను. ‘నేర్చుకోండి, పనికొస్తుంది’ అన్నారు. క్రైమ్ పేజీ చేతికి రావడానికి నాలుగేళ్ళు పట్టింది, అదీ ఒక సబ్ మానేస్తే. ‘రాత్రి షిఫ్టు ఆడవాళ్ళకు ఎందుకులే’ అనడం దయలా వినిపిస్తుంది. రాత్రి షిఫ్టు చేయనివాళ్ళు మెయిన్ పేజీకి వెళ్ళరు, మెయిన్ చేయనివాళ్ళు ఇన్‌చార్జి అవరు. మీరు ఇన్‌చార్జి అయితే అడగాల్సింది షిఫ్టు తీసేయమని కాదు, దింపడానికి కారు.

ఇంకొకటి. 10 మంది, అంతకంటే ఎక్కువ పనిచేసే ఏ ఆఫీసులోనైనా 2013 చట్టం ప్రకారం లైంగిక వేధింపుల ఫిర్యాదులకు అంతర్గత కమిటీ ఉండాలి. అధ్యక్షురాలు ఆఫీసులోని సీనియర్ ఉద్యోగిని, సగానికి తగ్గకుండా ఆడవాళ్ళు, బయటి సభ్యులు ఒకరు. లేకపోతే యాజమాన్యానికి 50 వేల దాకా జరిమానా. ఫిర్యాదు మూడు నెలల్లో రాతపూర్వకంగా ఇవ్వాలి. తగిన కారణం ఉంటే కమిటీ ఇంకో మూడు నెలలు గడువిస్తుంది. స్ట్రింగర్లు, ట్రైనీలు, జీతం లేకుండా ఐడీ కార్డు మీద నడిచే కంట్రిబ్యూటర్లు కూడా దీని కిందికి వస్తారు, ఇది చాలామందికి తెలియదు. మీ ఆఫీసులో పదిమంది లేకపోతే, లేదా వేధిస్తున్నది యజమానే అయితే జిల్లా స్థాయిలో స్థానిక కమిటీ ఉంటుంది, కలెక్టరేట్‌లో అడగండి. కమిటీ సభ్యుల పేర్లు గోడ మీద అతికించి ఉండాలి. రేపు వెళ్ళినప్పుడు చూడండి, వాటర్ కూలర్ పక్కన ఉంటుందేమో.

9. మర్నాడు పొద్దున

ఇదొక్కటి ఇంట్లో చేసుకునే పని. మీరు చేసిన పేజీ తీసుకుని, టీ తాగుతూ, ఎర్ర పెన్నుతో పేర్లు లెక్కపెట్టండి. మగ పేర్లకు గీత, ఆడ పేర్లకు సున్నా. ప్రకటనలతో సహా. నేను మొదటిసారి చేసినప్పుడు గీతలు లెక్కపెట్టలేక వదిలేశాను. సున్నాలు నాలుగు. ఒకటి ముగ్గుల పోటీ విజేత. రెండు శ్రద్ధాంజలి ప్రకటనల్లో ఉన్నవి. నాలుగోది తప్పిపోయిన వివాహిత.